ఆ రెండు నిమిషాలు ఇస్తాంబుల్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మా అబ్బాయి ఇస్తాంబుల్‌లో చదువుతున్నాడు. నవంబరు 10న వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే ఉన్నట్టుండి సైరన్ మోగింది. కిటికీలోంచి చూపించాడు, రోడ్డు మీద బస్సులు, కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయి జనం దిగి నిలబడ్డారు. వీడూ లేచి నిలబడ్డాడు. యుద్ధమేమోనని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తర్వాత అది అతాతుర్క్ పోయిన రోజు అన్నాడు. ఎప్పుడో పోయిన మనిషి కోసం అంతమంది ఆగుతారా? బలవంతంగా ఆపుతారా? మనవాడు కూడా నిలబడాలా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ సైరన్ విని మీరు భయపడ్డారంటే అందులో తప్పేమీ లేదు, తెలియనివాళ్లెవరికైనా అలాగే ఉంటుంది. టర్కీ రిపబ్లిక్‌ను స్థాపించిన ముస్తఫా కెమాల్ అతాతుర్క్ 1938 నవంబరు 10న ఉదయం 9 గంటల 5 నిమిషాలకు ఇస్తాంబుల్‌లోని దోల్మాబాచే ప్యాలెస్‌లో చనిపోయారు. కాలేయం చెడిపోయింది, అప్పటికి వయసు 57. అందుకే ఏటా సరిగ్గా ఆ నిమిషానికే సైరన్ మోగుతుంది, మనకి అప్పుడు 11 గంటల 35 నిమిషాలు.

ఆ రోజు అక్కడ సెలవు లేదు, బడులూ ఆఫీసులూ నడుస్తాయి. నాకు బాగా నచ్చేది అదే, సెలవిచ్చి ఉంటే జనం ఇంట్లో పడుకునేవాళ్లు, పనికి పోతున్న ఊరు పనికి పోతూ ఆగింది కాబట్టే మీకు కూడా కిటికీలోంచి కనిపించింది. మన దగ్గరా జనవరి 30న గాంధీజీ కోసం 11 గంటలకు రెండు నిమిషాల మౌనం ఉంది, కానీ మన రోడ్ల మీద ఎంతమంది ఆగుతున్నారో మీకే తెలుసు, నాకు అది బాధగానే ఉంటుంది.

బలవంతం సంగతి. బడుల్లో, ఆఫీసుల్లో కార్యక్రమం ప్రభుత్వం తరఫునే జరుగుతుంది. ఆయన్ని బహిరంగంగా అవమానిస్తే శిక్ష వేసే చట్టం కూడా 1951 నుంచి ఉంది. కానీ వంతెన మీద కారాపి దిగి నిలబడే మనిషిని ఏ పోలీసూ దింపడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ ఓడిపోయి, గెలిచినవాళ్లు ఆ దేశాన్ని ముక్కలుగా పంచుకుంటున్న సమయంలో, 1919లో సైన్యాన్నీ జనాన్నీ కూడగట్టి పోరాడి 1923లో రిపబ్లిక్ నిలబెట్టినవాడు ఆయన. 1928లో అరబ్బీ లిపి తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లాంటి లిపి తెచ్చారు, 1934లో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఇచ్చారు. తాతలు చెప్పగా విన్న కథ కాదిది, అక్కడివాళ్లు ఇవాళ రాసే అక్షరమే ఆయన తెచ్చింది.

అందరికీ ఆయనంటే ఇంత ప్రేమ ఉందని మాత్రం అనుకోకండి. 1932 నుంచి 1950 దాకా మసీదుల్లో నమాజుకు పిలిచే అజాన్ అరబ్బీలో కాకుండా టర్కీ భాషలో ఇవ్వాల్సి వచ్చింది, ఆ నొప్పి మతనిష్ఠ ఉన్న కుటుంబాల్లో మిగిలింది. అక్కడి మైనారిటీ జాతి అయిన కుర్దులకు ఇంకా పెద్ద ఫిర్యాదులున్నాయి. 1924లో ముస్లింల మతపెద్దగా ఉండే ఖలీఫా పదవి రద్దు చేసి, ఆ పదవిలో ఉన్న ఆటోమన్ రాజకుటుంబాన్ని దేశం నుంచి పంపేశారు. ఆ చివరి ఖలీఫా కూతురు దుర్రుషెవార్ 1931లో హైదరాబాదు కోడలయ్యారు, ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జా భార్య. ఆ రోజే నిజాం రెండో కొడుకును పెళ్లాడిన ఇంకో ఆటోమన్ రాకుమారి పేరే మన నీలోఫర్ ఆసుపత్రిది.

ఇక మీ అబ్బాయి. లేచి నిలబడి మంచిపని చేశాడు. పక్కింట్లో సంవత్సరీకం జరుగుతుంటే మనం టీవీ సౌండ్ తగ్గించమా, ఇదీ అంతే. వీలైతే దోల్మాబాచేకి వెళ్లి ఆయన పోయిన గది చూసి రమ్మనండి, మంచం మీద జెండా పరిచి ఉంటుంది, గడియారం 9 గంటల 5 నిమిషాల దగ్గరే ఉంటుంది. వచ్చే నవంబరు 10న మాత్రం మీరు ఫోన్ పన్నెండింటికి చేయండి.