బ్యాటరీ మార్చేముందు ఈ ఉత్తరం చదువు చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ల్యాప్‌టాప్ కొని పది నెలలే అయింది, చార్జ్ 38 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతోంది, సగం రాసిన ల్యాబ్ రికార్డు పోయింది, హాస్టల్ పక్క షాపులో బ్యాటరీ మార్చాల్సిందే అన్నారు. ఇంతే కదా? ఆ షాపులో ఒక్క రూపాయి కట్టకు. ఇరవై రెండేళ్లుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనే చేస్తున్నాను. చార్జింగ్ నిలవడం లేదంటూ నా బల్ల మీదికి వచ్చే ప్రతిదానికీ బ్యాటరీయే కారణం కాదు.

అన్నిటికంటే ముందు ఒకటి చూడు. ల్యాప్‌టాప్ మూసి బల్లపరుపుగా ఉన్న టేబుల్ మీద పెట్టు. వంగి పక్కనుంచి చూడు. ఏదైనా మూల ఊగుతోందా? తెరిచి టచ్‌ప్యాడ్ నొక్కు, టక్కుమని దిగాలి. దిగకుండా రాయిలా ఉన్నా, ఒక అంచు గోటికి తగిలేలా పైకి లేచినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలా ఉంటే చార్జర్ తీసెయ్, ఆఫ్ చెయ్, మళ్లీ ఆన్ చెయ్యకు. పరుపుకీ పుస్తకాలకీ దూరంగా గచ్చు మీద పెట్టి నాకు ఫోన్ చెయ్. నేను రాసిన మిగతావేవీ అప్పుడు చెయ్యొద్దు.

ఈ విషయంలో ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, షాపు పెట్టిన కొత్తలో ఉబ్బిన బ్యాటరీ ఒకటి జిగురుకి అంటుకుపోయి రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి లేపాను. బుస్సుమని శబ్దం, తియ్యటి ఘాటు వాసన, మరుక్షణం పొగ. చేతిలోది విసిరేసేలోపే బొటనవేలు కాలింది. చిన్నప్పుడు నువ్వు రుద్ది రుద్ది అడిగేదానివే, ఆ మచ్చ అదే.

ఉబ్బలేదనుకో, ఇక లెక్క చూద్దాం. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి ఆ నల్ల కిటికీ తెరువు. పవర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, దాన్ని ఆనుకునే సి, ఎఫ్, జి కొట్టు. ఒక స్పేస్, ఒక స్లాష్, తర్వాత బ్యాటరీ, రిపోర్ట్ రెండు మాటలూ కలిపి కొట్టి ఎంటర్ నొక్కు. ఫైల్ ఎక్కడ దాచిందో అదే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది కంపెనీ ఇచ్చిన సామర్థ్యం, రెండోది ఇప్పుడు మిగిలింది. 42,000 మిల్లీవాట్ అవర్లు (అంటే 42 వాట్ అవర్లు) ఉండాల్సింది 38,000 ఉంటే పది నెలల వాడకానికి నేను కంగారుపడను. 27,000కి పడిపోతే మాత్రం బ్యాటరీకే జబ్బు. సైకిల్ కౌంట్ కూడా చూడు. ఈరోజు సగం, రేపు సగం వాడితే అది ఒక సైకిల్ కింద లెక్క. సైకిళ్లు తక్కువే ఉండి సామర్థ్యం ఇంత పడిపోయిందంటే బ్యాటరీ వాడకంతో అరగలేదు, వేడికి చెడింది, లేదా పుట్టుకతోనే లోపం ఉంది.

సామర్థ్యం బాగానే ఉన్నా గంటలు తక్కువ వస్తున్నాయా? అప్పుడు తప్పు వాడకానిది. 42 వాట్ అవర్ల బ్యాటరీ, 7 వాట్లు లాగితే ఆరు గంటలు వస్తుంది. అదే 21 వాట్లు లాగితే రెండు గంటలే. టాస్క్ మేనేజర్ తెరిచి ఏ ప్రోగ్రామ్ ఎక్కువ లాగుతోందో చూడు.

నీది మాత్రం గంటల గొడవ కాదు, 38 దగ్గర ఠక్కున ఆగడం. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. బ్యాటరీలో ఉండే చిన్న చిప్, లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది అని లెక్క రాసుకుంటూ ఉంటుంది. క్యాలెండర్ మీద పాల లెక్క గీతలు పెట్టి నెలల తరబడి సరిచూసుకోకపోతే ఏమవుతుంది? అలాగే, ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి ఉంచితే ఆ లెక్క తప్పుతుంది. దాన్ని సరిచెయ్యొచ్చు. వంద దాకా ఎక్కించి, ఇంకో రెండు గంటలు అలాగే ఉంచు. తర్వాత చార్జర్ తీసి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చి, దానంతట అదే ఆగిపోయేదాకా నడిపించు. ఆ రోజు రికార్డులేవీ రాయకు. మళ్లీ ఆపకుండా వంద దాకా ఎక్కించు. ఒక్కసారి చాలు, రోజూ సున్నాకి దించితే బ్యాటరీకే చేటు.

అయినా మళ్లీ ముప్పైల్లోనే ఆగిందంటే రెండో కారణం. చాలా ల్యాప్‌టాప్ బ్యాటరీల లోపల చిన్న బ్యాటరీల్లాంటి సెల్స్ మూడు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. వాటిలో ఒకటి బలహీనమై వోల్టేజ్ జారిపోతే, మిగతా రెండింట్లో చార్జ్ ఉన్నా రక్షణ సర్క్యూట్ మొత్తాన్నీ ఆపేస్తుంది. దానికి ఇంట్లో చేసే వైద్యం లేదు.

అప్పుడు నా దగ్గరికి కూడా తేవద్దు. నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లు. ల్యాప్‌టాప్‌కి రెండేళ్లు, మూడేళ్లు వారంటీ ఉన్నా బ్యాటరీకి మామూలుగా ఒక ఏడాదే ఇస్తారు. నీకింకా రెండు నెలలుంది. రిపోర్ట్ ప్రింట్ తీసుకో, 38 దగ్గర ఆగిపోవడం ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో. కౌంటర్‌లో ఉన్నవాళ్లు "మామూలే అమ్మా" అంటే తిరిగి రావద్దు. ఫిర్యాదు రాయించి, తేదీతో జాబ్ షీట్, అంటే ఫిర్యాదు తీసుకున్నట్టు వాళ్లిచ్చే కాగితం, తీసుకునే రా. వెనకవైపు స్క్రూలు నువ్వు ముట్టుకోకు.

ఒకవేళ సొంతంగా కొనాల్సి వస్తే, ల్యాప్‌టాప్ మోడల్ చెప్పి కొనకూడదు. అదే మోడల్‌లో మూడు సెల్స్‌ది, నాలుగు సెల్స్‌ది రెండూ రావచ్చు. పాత బ్యాటరీ లేబుల్ మీది పార్ట్ నంబర్ చూపించాలి. కొత్తదాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, బ్యాటరీ భద్రతా ప్రమాణమైన ఐఎస్ 16046 అన్న అంకె, తయారీ తేదీ చూడాలి. రెండేళ్లు గోడౌన్‌లో పడున్న సరుకు కొత్త అట్టపెట్టెలో ఉన్నా పాతదే. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకు, కొన్నచోటే ఇచ్చెయ్.

ఇంకొకటి అడగాలి. మంచం మీద, బొంత మీద పెట్టి, రోజంతా చార్జర్ తగిలించే వాడుతున్నావని అమ్మ చెప్పింది. గాలి పోయే కంతలు చాలావాటికి అడుగునే ఉంటాయి, బొంత వాటిని మూసేస్తుంది. వరంగల్ ఎండలో, వంద శాతం నిండి ఉండి, పైగా ఆ వేడి. సెల్‌ని త్వరగా ముసలిదాన్ని చేసేది ఇదే. కింద ఒక పరీక్ష అట్ట పెట్టుకో. 80 దగ్గర చార్జింగ్ ఆపే సౌకర్యం నీ దాంట్లో ఉందేమో చూడు. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో, ఆసుస్‌లో మైఆసుస్‌లో, డెల్, హెచ్‌పీల్లో చాలావాటికి బయోస్‌లోనే, అంటే ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోనే, ఉంటుంది. లెక్క సరిచేసే రోజు మాత్రం అది తీసెయ్యాలి. బ్యాగులో పెట్టేముందు మూత మూస్తే చాలనుకోకు, షట్‌డౌన్ చెయ్. స్లీప్‌లో ఉన్నది బ్యాగులోనే మేలుకుని వేడెక్కిపోవచ్చు.

బిల్లు అమ్మ బీరువాలో ఉందట, ఫోటో తీసి పంపమన్నాను. నువ్వు ఈరోజే టచ్‌ప్యాడ్ అంచు పక్కనుంచి ఒక ఫోటో, రిపోర్ట్ మొదటి పేజీ ఒక ఫోటో పంపు. రాత్రి ఎనిమిదికి షాపు కట్టేస్తాను, ఆ తర్వాత ఎంతసేపైనా ఫోన్‌లో ఉంటాను.

మామయ్య