పాత ఆయిల్ సీల్ కదలనంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: టైమింగ్ బెల్ట్ ఉన్న పెట్రోల్ ఇంజిన్. ముందు వైపు క్రాంక్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ బయటికొచ్చే చోట ఆయిల్‌ను ఆపే రింగు) దగ్గర ఆయిల్ కారుతోందని పుల్లీ, బెల్ట్, కింది పళ్ల చక్రం అన్నీ విప్పాను. స్క్రూడ్రైవర్‌తో ఎంత పెకలించినా సీల్ రావడం లేదు, రబ్బరు మాత్రం ముక్కలై ఊడుతోంది. షాఫ్ట్‌కు దెబ్బ తగలకుండా తీసే మార్గం చెప్పండి.

జవాబు: ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. పైకి రబ్బరులా కనిపించినా సీల్ లోపల ఇనుప రేకు చట్రం ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి రబ్బరు బిగుసుకుపోయి, సీల్ తాను కూర్చున్న గూటి గోడను కరిచి పట్టుకుంటుంది. మొన ఉన్న పనిముట్టుతో పెకలిస్తే బరువంతా షాఫ్ట్ మీదే పడుతుంది. లిప్ (షాఫ్ట్‌ను ఆనుకునే సీల్ లోపలి అంచు) ఆనే చోట గోరుకు తగిలేంత గీత పడినా చాలు, కొత్త సీల్ వేశాక కూడా ఆ దారినే ఆయిల్ వస్తుంది.

ఏదీ కదపకముందు, గూటి అంచు నుంచి సీల్ ఎంత లోపలికి ఉందో వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. ఇది మరిచిపోతే తర్వాత ఊహించడమే గతి. ఇప్పుడు 2 మి.మీ. డ్రిల్ బిట్ తీసుకుని, మొన నుంచి 3 మి.మీ. దూరంలో టేపు చుట్టండి. అంతకు మించి లోపలికి దిగకూడదు. బిట్‌కు గ్రీజు పూస్తే ఇనుప రజను దానికే అంటుకుని ఇంజిన్‌లోకి జారదు. షాఫ్ట్‌కూ గూటి గోడకూ సరిగ్గా మధ్యలో, ఎదురెదురుగా రెండు రంధ్రాలు వేయండి. వాటిలో సన్నటి సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు రెండు మూడు మరలు పట్టేదాకా బిగిస్తే సరిపోతుంది. స్క్రూ తలను పట్టకారుతో పట్టుకుని, పట్టకారు కింద చెక్కముక్క ఆనించి మీటండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఒకే వైపు లాగితే సీల్ అడ్డంగా ఇరుక్కుంటుంది, లేదా రేకు చిరిగి స్క్రూ ఊడొస్తుంది.

అప్పటికీ మొరాయిస్తే గూడు చుట్టూ ఉన్న అల్యూమినియంను హాట్ ఎయిర్ గన్‌తో రెండు నిమిషాలు వేడి చేయండి. ఇనుము కన్నా అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. చుట్టుపక్కల ఆయిల్ ముందే తుడిచేయాలి. మంట వాడొద్దు, వేడి చేసే ముందు బ్రేక్ క్లీనర్ కొట్టనే వద్దు.

మీరు పళ్ల చక్రం కూడా తీశారు కాబట్టి ఒక విషయం వెంటనే చూడాలి. షాఫ్ట్ మీద కీ, అంటే చక్రం జారి తిరగకుండా గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క, ఉందా? కొన్ని ఇంజిన్లలో కీ ఉండదు, బోల్టు బిగింపే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. అలాంటివాటిలో క్రాంక్‌నూ, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌నూ లాక్ చేసే పనిముట్టు లేకుండా తిరిగి బిగిస్తే టైమింగ్ తప్పి, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లను తాకే ప్రమాదం ఉంటుంది.

కొత్త సీల్ మీద 35×50×8 లాంటి అంకెలుంటాయి: షాఫ్ట్ వ్యాసం, గూటి వ్యాసం, మందం. పాతదానితో సరిచూడండి. స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి. దెబ్బలకు స్ప్రింగ్ ఎగిరిపోకుండా ఆ గాడిలో గ్రీజు నింపండి, రబ్బరు లిప్‌కు ఇంజిన్ ఆయిల్ రాయండి. టెఫ్లాన్ లిప్ అయితే పద్ధతి పూర్తిగా వేరు: షాఫ్ట్, లిప్ రెండూ పొడిగా ఉండాలి, సీల్‌తో వచ్చిన ప్లాస్టిక్ తొడుగు మీదుగానే ఎక్కించాలి. రబ్బరు సీల్‌ను ఎక్కించేటప్పుడు కీ గాడి అంచు లిప్‌ను కోసేస్తుంది. అక్కడ పలుచటి టేపు చుట్టి, సీల్ దాటాక తీసేయండి.

సీల్ బయటి అంచుకన్నా కాస్త చిన్నదైన పైపు ముక్కో పెద్ద సాకెట్టో ఆనించి చిన్న చిన్న దెబ్బలతో దించండి. నాలుగు వైపులా లోతు కొలుస్తూ, రాసుకున్న కొలత దగ్గర ఆపండి. ఆయిల్‌లో తడిసిన టైమింగ్ బెల్ట్‌ను తుడిచి మళ్లీ వేయకండి, దాని రబ్బరు ఉబ్బి పళ్లు ఊడతాయి. పుల్లీ బోల్టును డిగ్రీల లెక్కన బిగించే రకమైతే అదీ కొత్తదే కావాలి.

ప్రశ్న: మాది బెల్ట్‌కు బదులు టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్. కొత్త సీల్ వేసిన వారానికే మళ్లీ కారుతోంది. సీల్ నాసిరకమా?

జవాబు: సీల్‌ను అనుమానించే ముందు పుల్లీ వెనక ఉన్న మెడను చూడండి. చాలా చైన్ ఇంజిన్లలో లిప్ ఆనేది దాని మీదే. పాత లిప్ ఏళ్ల తరబడి ఒకే గీత మీద రుద్దుకుని గాడి చేసి ఉంటే కొత్త లిప్ కూడా అందులోనే పడుతుంది. పుల్లీ మార్చవచ్చు, లేదా దాని మీద పలుచటి రిపేర్ స్లీవ్ తొడగవచ్చు. స్లీవ్ మందం పావు మి.మీ. పైచిలుకే కనుక అదే సైజు సీల్ సరిపోతుంది. గూడు లోతుగా ఉంటే సీల్‌ను 1 మి.మీ. పైకి నిలిపి లిప్‌ను కొత్త చోట ఆనించడం ఇంకో దారి. లోపలికి దించేట్టయితే మాత్రం వెనక ఉండే ఆయిల్ రంధ్రం మూసుకుపోకుండా చూడాలి.

మెడ నున్నగా ఉంటే పీసీవీ వాల్వ్ (క్రాంక్ కేస్‌లో, అంటే ఇంజిన్ కింది భాగంలో చేరే వాయువులను బయటికి పంపేది) తీసి చూడండి. అది మూసుకుపోతే క్రాంక్ కేస్‌లో ఒత్తిడి పెరిగి, ఎంత మంచి సీల్‌నైనా దాటుకుని ఆయిల్ బయటికొస్తుంది. అలాగే పైనున్న వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి జారే ఆయిల్ కూడా సీల్ దగ్గరికే చేరి మోసం చేస్తుంది. అంతా కడిగి ఆరబెట్టి, ఇంజిన్ పది నిమిషాలు నడిపి, ఆపాక టార్చి వేసి పై నుంచి కిందికి వెతకండి.

ప్రశ్న: సీల్ బయటి అంచుకు సిలికాన్ పూయాలా?

జవాబు: బయటి అంచుకు రబ్బరు పూత ఉంటే అవసరం లేదు. ఉత్త రేకు అయి, మాన్యువల్ అడిగితే పలుచటి పొర చాలు. లిప్‌కు మాత్రం తగలనివ్వకండి.