ముందు ఒక్క సొరుగు ఖాళీ చెయ్యి

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంటి నిండా సామానే, మనసుకు ఊపిరాడటం లేదు, అన్నీ వదిలించుకుని హాయిగా ఉండాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు అన్నావు. మీ పెదనాన్న పోయాక నాలుగు గదుల ఇంటి నుంచి రెండు గదుల్లోకి మారినప్పుడు నాదీ ఇదే పరిస్థితి. అందుకే రాస్తున్నాను.

సర్దడానికని కొత్త డబ్బాలు, అలమరలు కొనకు. అవీ సామానే. ఒకే రోజులో ఇల్లంతా తిరగేయాలనీ అనుకోకు. ముందు ఒక్క సొరుగు తియ్యి. ఏ తాళానివో తెలియని తాళంచెవులు, రాయని పెన్నులు, ఎప్పుడో పోయిన ఫోను ఛార్జరు ఉంటాయి. అవి తీసేయడానికి మనసు పెద్దగా బాధపడదు. చేతికి అలవాటు కావడమే కావాలి.

బాగున్న వస్తువు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. అది నీ బలహీనత అనుకోకు, మనుషులందరికీ ఉన్నదే. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు కలిసి 1990లో ఒక ప్రయోగం గురించి రాశారు. కొందరు విద్యార్థులకు మామూలు కప్పులిచ్చి ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పులు రానివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర, కొనేవాళ్లు చెప్పినదానికి రెట్టింపు పైమాటే. ఆ కప్పు చేతికొచ్చి కాసేపే అయింది! అలాంటిది పదేళ్లుగా ఇంట్లో ఉన్నదాన్ని వదలడం తేలికా? అందుకని ‘ఇది ఉంచాలా, తీసేయాలా’ అని ఆలోచించకు. ‘ఇది నా దగ్గర లేకపోతే ఇవాళ డబ్బు పెట్టి కొంటానా’ అని అడుగు. జవాబు చప్పున వచ్చేస్తుంది.

అన్నిటికన్నా కష్టమైనవి వేరే ఉన్నాయి. ఎప్పటికైనా మనం కోరుకున్న మనిషిగా మారతామని కొనుక్కున్నవి. నాకు కుట్టుమిషను ఉండేది. పద్నాలుగేళ్లు దాచాను, పద్నాలుగు గంటలు కూడా కుట్టలేదు. దాన్ని చూసినప్పుడల్లా ఇంకా నేర్చుకోలేదే అని మనసు చివుక్కుమనేది. చివరికి పక్కింటి అమ్మాయికి ఇచ్చేసి, ఆ రాత్రి ఏడ్చాను. మిషను కోసం కాదు. కుట్టుపని వచ్చిన మనిషిని ఇక కాలేనని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు. వారం తిరక్కుండానే గోడ అవతల దాని చప్పుడు వినిపించింది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. నీ ఇంట్లోనూ అలాంటివి ఉంటాయి, తల్లీ. చదవని పుస్తకాలు, సన్నబడ్డాక వేసుకుందామని దాచిన బట్టలు. వాటి దగ్గర కాసేపు కూర్చో. ఏడుపొస్తే ఏడువు.

యోగసూత్రాల్లో అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యంతో పాటు అపరిగ్రహాన్నీ చెప్పారు. అవసరానికి మించి కూడబెట్టకపోవడం అని దాని అర్థం. అవసరమైనదాన్ని కూడా వదులుకోమని కాదు. నా చిన్నప్పుడు ఇంట్లో ఏమీ ఉండేవి కావు. అప్పుడు మాకు ప్రశాంతత లేదు, రేపటి గురించి టెన్షనే ఉండేది. లేకపోవడం వేరు, ఇక చాలు అనుకోవడం వేరు. రోజూ వాడేవాటిని పట్టుదలకు పోయి ఇచ్చేసి, మళ్లీ కొనుక్కోకు.

నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. మీ అన్న పాత నోటు పుస్తకాలు వాడికి చెప్పకుండా పారేశాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు, తప్పు నాదే. ఇంట్లో మిగతావాళ్ల వస్తువులు ముట్టుకోకు. సర్టిఫికెట్లు, ఆస్తి కాగితాలు ముందే పక్కన పెట్టు. సందేహం ఉన్నవి ఒక అట్టపెట్టెలో వేసి, పైన తేదీ రాసి, ఆరు నెలలు ఆగు. ఇచ్చేవి పనిచేసేవే ఇవ్వు. విరిగినవి ఇస్తే మన బరువు ఇంకొకరి నెత్తిన పెట్టినట్టే.

జ్ఞాపకాలున్నవి అన్నిటికన్నా చివర. తొందరేం లేదు. పెదనాన్న బట్టలు ఇవ్వడానికి నాకు రెండేళ్లు పట్టింది. చేతి గడియారం మాత్రం ఇవ్వలేదు, ఇవ్వను కూడా. రోజూ పొద్దున్నే కీ ఇస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ