హైదరాబాద్ అమ్మాయి డాక్యుమెంటరీలు తీస్తానంటే...

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. డాక్యుమెంటరీలు తీయాలని ఉంది. నాన్నగారు "దాంతో ఇల్లు గడుస్తుందా?" అని టెన్షన్ పడుతున్నారు. డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ గారిది మన ఊరేనట. ఆవిడ ఎలా పైకొచ్చారు?
- ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: అవునమ్మా, ఆవిడ 1953లో ఇక్కడే పుట్టారు. 1980లో బెంగళూరులో మిత్రులతో కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టారు. పుణెలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల మీద, కర్ణాటకలోని నిపాణి పొగాకు కార్మికుల మీద సినిమాలు తీశారు. 1983లో మన హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందంతో కలిసి ‘ఇది కథ మాత్రమేనా?’ తీశారు. అరగంట కూడా ఉండదు. భర్త చేతిలో నలిగే ఇల్లాలి కథ అది. భార్యను భర్త, అత్తింటివాళ్లు హింసించడాన్ని నేరం చేసిన 498-ఎ సెక్షన్ వచ్చింది కూడా ఆ ఏడాదే. అప్పటిదాకా మొగుడు కొట్టడం ఇంటి గుట్టు, బయట మాట్లాడేవాళ్లు చాలా తక్కువ.

అప్పట్లో 16 ఎంఎం ఫిల్ము. 400 అడుగుల రీలు పదకొండు నిమిషాలకే అయిపోయేది. ఎడిటింగ్ గదిలో ఆ రీళ్లు చేత్తో అతికించినదాన్ని, ఒక్కో అడుగు ఖరీదు నాకు తెలుసు. అందుకే ముందు మనుషులతో కూర్చుని మాట్లాడి, ఆ తర్వాతే కెమెరా తీసేవాళ్లం. ఇప్పుడు ఫోన్లో రోజంతా తీయొచ్చు కదా అని ఆ కూర్చోవడమే మానేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

1984 పాతబస్తీ మత ఘర్షణల మీద ఆవిడ తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ 1986లో వచ్చింది. హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాతి విద్యార్థి ఉద్యమం మీద తీసిన సినిమా 2018లో. మధ్యలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద ఒకటి, ఇంకా ఎన్నో. ఇన్నేళ్లయినా తన సినిమాల్లో ఆవిడ ఈ ఊరిని వదల్లేదు.

డబ్బు సంగతి నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్క డాక్యుమెంటరీలనే నమ్ముకుంటే ఇల్లు గడవడం కష్టం. ఆవిడ కూడా టీచర్ల కోసం, ఇంట్లో తొలిసారి బడికెళ్లే పిల్లల కోసం చాలా వీడియోలు చేశారు. మీరు ఎడిటింగ్ నేర్చుకోండి, కృష్ణానగర్‌లో పని దొరుకుతుంది. మీ మెహదీపట్నం రైతుబజార్‌లో కూరలమ్మే అమ్మల దగ్గర కొన్నాళ్లు ఊరికే కూర్చోండి. వాళ్లు పేరు పెట్టి పిలిచేంత చనువు వచ్చాక ఫోన్ బయటికి తీయండి. కాలరుకు పెట్టే మైకు ఒకటి తప్పకుండా కొనుక్కోండి. ఆ బస్సుల హోరులో ఫోన్ మైకుకు వాళ్ల మాటలు సరిగ్గా అందవు.