సుబేదార్ గారిని అడగండి

ప్రశ్న: మా తమ్ముడు అగ్నివీర్ కోసం రోజూ పొద్దున్నే రన్నింగ్‌కి వెళ్తున్నాడు. గల్వాన్‌లో మా ఊరి కల్నల్ సంతోష్‌బాబు గారు పోయినప్పటి నుంచి చైనా పేరెత్తితే అమ్మకు టెన్షన్. ముందు ముందు పెద్ద యుద్ధం వస్తుందంటారా?
– ఒక సోదరి, సూర్యాపేట

జవాబు: అమ్మా, నేను లేహ్‌లో రెండు చలికాలాలు రేషన్ కాన్వాయ్‌లతో తిరిగినవాణ్ణి. తుపాకీ కంటే కిరోసిన్ డబ్బాలే ఎక్కువ మోశాను. అందుకే చైనాతో పోటీ అంటే నాకు టీవీలో క్షిపణులు కాదు, రోడ్డు గుర్తొస్తుంది. చైనా వైపున్న టిబెట్ ఎత్తయిన పీఠభూమి, అటు లారీలు నడపడం తేలిక. 2006లోనే లాసా దాకా రైలు వేసుకున్నారు. మనకేమో జోజిలా కనుమలో మంచు పడితే శ్రీనగర్ దారి బంద్. ఆలోపే పిండి, పప్పు, బుఖారీలకు (గది వెచ్చబెట్టే పొయ్యిలకు) కిరోసిన్ పైకి చేరాలి. మనిషిని కూడా తిన్నగా ఎక్కించేయలేం. మూడు దశల్లో 14 రోజులు ఒళ్లు అలవాటుపడ్డాకే పై పోస్టుకి పంపుతారు. మొదటి రోజు బూటు లేసు కట్టుకోవడానికే నాకు ఆయాసం వచ్చింది!

2020 జూన్ 15 రాత్రి 20 మందిని పోగొట్టుకున్నాం. ఒక్క తూటా పేలలేదు. వాస్తవాధీన రేఖకు, అంటే ఇరు సైన్యాల మధ్య గీతకు, రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు వద్దని 1996లో రాసుకున్న ఒప్పందం ఉంది. 2024 అక్టోబరులో లదాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్ గస్తీ మీద మాట కుదిరింది, అంతమాత్రాన బలగాలన్నీ వెనక్కి వచ్చేయలేదు. ఇద్దరి దగ్గరా అణ్వాయుధాలున్నాయి కాబట్టి 1962 లాంటి యుద్ధం తొందరగా రాదనే నా లెక్క. కానీ వాళ్ల ఆర్థిక వ్యవస్థ మనకు దాదాపు అయిదింతలు. ఫిరంగికి ఫిరంగి పోటీ పెడితే మనకే ఆయాసం. మనాలి దగ్గరి అటల్ సొరంగం, లదాఖ్ ఉత్తర కొసన ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు, అసలు పోటీ అక్కడ. ఎవరు చలికాలమంతా కడుపునిండా తిని నిలబడగలరు అన్నదే ప్రశ్న. తమ్ముడికి చెప్పు, అక్కడ దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి.

ప్రశ్న: చైనా సరుకు కొనడం మానేస్తే దారికి రారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నేను రోజూ వేసుకునే బీపీ మాత్ర హైదరాబాద్ దగ్గర తయారైనదే. కానీ మన మందుల కంపెనీలు ముడిసరుకులో పెద్ద వాటా అక్కణ్ణుంచే తెచ్చుకుంటున్నాయి. ముందు ఆ పొడి ఇక్కడ తయారు కానివ్వండి బాబూ, దీపావళి లైట్ల సంగతి తర్వాత చూద్దాం.