మొహమాటం ఎవరి దగ్గర?

పర్లాకిమిడి

అమ్మాయీ,

నీ ఉత్తరమూ కథా అందాయి. రెండుసార్లు చదివాను. గుణుపూర్ బజారు, చింతపండు బస్తాలు, సంత రోజున కొండ దిగి వచ్చే సవర గిరిజనులు, అన్నీ కళ్ళకు కట్టాయి. కొట్టు యజమాని దగ్గరకు వచ్చేసరికి కథ కదల్లేదు. మొదటి పేజీలోనే ‘పరమ లోభి, కోపిష్టి, అనుమానం మనిషి’ అని రాసేశావు. మిగిలిన తొమ్మిది పేజీల్లో ఆయన ఆ మూడు మాటలూ నిజమేనని చూపించడం తప్ప ఇంకేం చేయలేదు. పాత్రల కోసం సైకాలజీ చదవమంటారా మాస్టారూ అని అడిగావు. తప్పకుండా చదువు. నేను కాస్త ఆలస్యంగా చదివాను, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

మన ఊళ్ళు కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన 1936లోనే అమెరికాలో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే సైకాలజిస్టులు ఒక పెద్ద జాబితా అచ్చువేశారు. ఇంగ్లీషు నిఘంటువు మొత్తం జల్లెడ పట్టి, ఒక మనిషికీ ఇంకో మనిషికీ తేడా చెప్పే మాటలన్నీ ఏరారు. 17,953 మాటలు తేలాయి. అందులో నిలకడైన స్వభావాన్ని చెప్పేవి నాలుగున్నర వేల వరకు ఉన్నాయి. కలిసి బతికే మనుషులకు ఒకరి గుణం ఒకరికి తెలియడం అవసరం కాబట్టి, ముఖ్యమైన గుణాలకు భాషలో మాట పుట్టే ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆ జాబితాను రేమండ్ కాటెల్ 16 గుణాలకు కుదించాడు. తర్వాతివాళ్ళ లెక్కల్లో అవి ఐదయ్యాయి: నలుగురిలో కలిసే గుణం, ఎదుటివాళ్ళతో సర్దుకుపోయే గుణం, పని పద్ధతిగా చేసే గుణం, ఊరికే కలత పడే గుణం, కొత్తవాటి మీద ఆసక్తి. ఇవి ఉన్నాయా లేవా అని అడగరు, ఎంత ఉన్నాయని అడుగుతారు. ఎక్కువమంది మధ్యలో ఎక్కడో ఉంటారు. నీ యజమాని నువ్వు రాసిన మూడు గుణాల్లోనూ ఒక చివరన నిలబడ్డాడు, అందుకే బొమ్మలా ఉన్నాడు.

ఇది చదివినప్పుడు నాకు మన మాటలు గుర్తొచ్చాయి. గడుసు, గుంభనం, పెంకితనం, బిడియం, మెతకదనం. అన్నిటికన్నా మొహమాటం. దాన్ని ఒక్క ఇంగ్లీషు మాటలో చెప్పు చూద్దాం. అది సిగ్గు కాదు, భయం కాదు, మర్యాద ఒక్కటే కూడా కాదు. ఎదుటివాళ్ళ ముఖం చూసి మన నోట్లో మాట ఆగిపోవడం. ఎదుట ఒక ముఖం లేకపోతే మొహమాటమే లేదు.

మా పిన్ని మొహమాటస్తురాలని ఊరంతా అనేవారు. నేనూ అదే నమ్మి, పాతికేళ్ళ వయసులో ఆవిడ మీద ఒక కథ రాశాను. ‘మెతక మనిషి’ అని రాశాను. ఆవిడ చదివి, కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, “రేపు నాతో సంతకి రా” అంది. వెళ్ళాను. వంకాయల గంప ముందు గొంతుక్కూర్చుని ఒక్కో కాయ ముచ్చిక పట్టుకు తిప్పి చూస్తూ, ఒడియాలో “కేతే?” అంది, ఎంత అని. అతను ధర చెప్పాడు. “నాహి” అంది. తగ్గించాడు. తల ఎత్తకుండానే మళ్ళీ “నాహి”. అంత స్పష్టమైన ‘కాదు’ ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆ నెలలోనే ఆడపడుచు వచ్చి, పిన్ని పుట్టింటి ఇత్తడి బిందె బాగుందని రెండుసార్లు అంది. పిన్ని పమిట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. “తీసుకెళ్ళు వదినా” అంది. ఒడియాలో వచ్చిన ‘కాదు’ తెలుగులో రాలేదు. భాష మారిందనా, ముఖం మారిందనా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆ కథ మాత్రం చింపేశాను.

నాకు అర్థం కానిదాన్ని వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు 1968లోనే పుస్తకంగా రాశాడు. ఒక చోట కనిపించిన గుణం వేరే చోట అంతే కనిపిస్తుందని నమ్మడానికి ఆధారాలు బలంగా లేవన్నాడు. తర్వాత యూయిచీ షోడాతో కలిసి వేసవి శిబిరంలో పిల్లల్ని రోజుల తరబడి గమనించాడు. తోటిపిల్లలు ఏడిపించినప్పుడు, దగ్గరకు వచ్చినప్పుడు, పెద్దవాళ్ళు మెచ్చుకున్నప్పుడు, హెచ్చరించినప్పుడు, దండించినప్పుడు ఎవరెలా ఉన్నారో విడివిడిగా రాసుకున్నారు. మొత్తం కోపం లెక్కేస్తే ఇద్దరు పిల్లలు సమానంగానే ఉండొచ్చు. ఒకడు తోటివాడు వెక్కిరిస్తే లేస్తాడు, ఇంకొకడు పెద్దవాళ్ళు హెచ్చరిస్తే లేస్తాడు. ఎవరు ఎక్కడ లేస్తారన్నది ఆ పిల్లవాడి గుర్తులా నిలకడగా ఉంటుందని తేల్చారు. కథకులకు ఇంతకంటే పనికొచ్చే మాట నేను సైకాలజీలో చదవలేదు.

అలాగని గుణాల్ని గాలికి వదిలేయకు. విలియమ్ ఫ్లీసన్ 2001లో అచ్చువేసిన పరిశోధనలో మనుషులు రోజుకు చాలాసార్లు తమ తీరును నమోదు చేశారు. ఒకే మనిషి గంటకో రకంగా మారాడు, కానీ వారం సగటు తీస్తే అది వచ్చే వారానికీ దాదాపు అలాగే ఉంది. నీ యజమాని ఒక పేజీలో లోభిగా, మరో పేజీలో దానకర్ణుడిగా ఉండటానికి వీల్లేదు. పాఠకుడు ఆ సగటును మనసులో కట్టుకుంటూనే చదువుతాడు. ఆయన లోభాన్ని ఉంచు. ఎవరి దగ్గర అది గట్టిపడుతుందో, ఎవరి దగ్గర కరుగుతుందో వెతుకు.

వెతకడమంటే వినడమే. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే మాస్టరీ చేస్తూ, సవర మాట్లాడే మనిషిని ఇంటికి తెచ్చుకుని ఆ భాష నేర్చుకున్నారు. నువ్వూ ఒక వారం ఆ బజారులో కూర్చో. చేతిలో నోట్‌బుక్ వద్దు, అది చూస్తే అందరూ టెన్షన్ పడతారు. అదే యజమాని సవర మనిషితో ఏ గొంతుతో మాట్లాడతాడు, తనిఖీకి వచ్చిన అధికారితో ఒడియాలో ఏ గొంతు, పెళ్ళాం తెలుగులో డబ్బు అడిగితే ఏ గొంతు, మూడూ విను. పెళ్ళాం అడిగినప్పుడు చేతులు ఏం చేస్తాయో కూడా చూడు. మా పిన్ని సంగతి నాకు చెప్పింది ఆ చెంగే.

‘లోభి’ అన్న మాట కొట్టేసి, కొట్టులో సీను తిరగరాయి. ముందు ఒక్కటి తేల్చుకో. చింతపండు తూచేటప్పుడు ఆయన ఎవరి ముందు త్రాసు ముల్లు వైపు చూడకుండా తూస్తాడు?

రాసి పంపు. 

ఆశీస్సులతో,
మీ మాస్టారు