ఏడో పేజీలోని చీటీ

కొర్లగుంట, తిరుపతి

అమ్మణ్ణీ,

నీ కథ అందింది. 'గౌరవనీయులైన మేడమ్ గారికి' అని మొదలుపెట్టావు. అంత బరువు నేను మోయలేను, పెద్దమ్మా అను చాలు. కథకు 'అద్దం' అని పేరు పెట్టావు. తన గొప్ప తప్ప ఇంకేదీ పట్టని మొగుడి మీద కథ రాసే ప్రతివాళ్లూ పెట్టే పేరు అదే. అది కాకపోతే 'ముసుగు', అదీ కాకపోతే 'సంకెళ్లు'.

చదువుతూ చదువుతూ రెండుసార్లు కాగితాలు పక్కన పడేశాను. మొదటిసారి మూడో పేజీ దగ్గర. సుజాత ఫోన్లో వీడియో చూస్తుంది, 'తన భర్త నార్సిసిస్టు అని ఆమెకు మెరుపులా అర్థమైంది' అని రాశావు. రెండోసారి చివరి పేజీలో. అలిపిరి మెట్ల దగ్గర ఆ భర్త రవి మోకాళ్ల మీద పడి ఏడుస్తాడు, క్షమించమంటాడు, పైనుంచి గోవింద నామాలు వినబడతాయి. ఈ ముగింపు నీది కాదు, పోటీలు పెట్టేవాళ్లది. 'ముగింపు ఆశావహంగా ఉండవలెను' అని ప్రకటనలో అచ్చేస్తారు, పన్నెండు వందల మాటల్లో మనిషి మారిపోవాలంటారు. ఆశ పేరు చెప్పి నా కథల తోకలు కోసిన సంపాదకులూ ఉన్నారు. పేర్లెందుకులే, ఒకాయన ఇప్పుడు లేడు కూడా.

ఆ రెంటి మధ్యా ఏడో పేజీ ఉంది. సుజాత అరకిలో టమాటా 18 రూపాయలకు కొని, ఇంట్లో చూపించే చీటీ మీద 22 అని రాస్తుంది. ఆ నాలుగు రూపాయలు కొంగున ముడేసుకుంటుంది. సందు మలుపులో భయమేసి ముడి విప్పి పర్సులో వేస్తుంది. 22 కొట్టేసి 18 అని దిద్దుతుంది. దిద్దినట్టు కనబడుతుందని ఆ చీటీ చింపి ఇంకోటి రాస్తుంది. ఇది ఊహించి రాసేది కాదు. ఇది నీ కథా, మీ అక్క కథా, పక్కింటావిడ కథా అని నేనడగను. కానీ ఇక్కణ్ణుంచి నేను రాసేదంతా రెండు రకాలుగానూ చదువుకో.

నేను చెప్పేది ఒక్కటే. పేరు కొట్టెయ్, లెక్క రాయి.

ముందు 'నార్సిసిస్టు' అనే ఆ పేరు సంగతి చూద్దాం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దాన్ని వ్యక్తిత్వ రుగ్మతగా తన జబ్బుల జాబితాలో చేర్చింది. ఇప్పుడున్న జాబితా ప్రకారం తొమ్మిది లక్షణాల్లో అయిదైనా ఉండాలి. తన గొప్ప తనకు అతిగా కనబడటం, అంతులేని విజయం గురించీ అధికారం గురించీ పగటికలలు, తాను అందరిలాంటివాణ్ణి కాదనుకోవడం, పొగడ్తకు మొహం వాచి ఉండటం, అన్నీ తనకు హక్కుగా రావాలనడం, ఎదుటివాళ్లను వాడుకోవడం, వాళ్ల బాధ పట్టకపోవడం, అసూయ, పొగరు. అవి వయసొచ్చిన కొత్తల్లోనే మొదలై ఉండాలి. ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ స్నేహితుల మధ్యా కూడా కనబడాలి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడందే ఏ డాక్టరూ ఆ మాట అనడు. మీ సుజాత నాలుగు నిమిషాల వీడియో చూసి అనేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2022 జనవరిలో అమల్లోకొచ్చిన కొత్త జాబితాలో ఇట్లాంటి వ్యక్తిత్వ రుగ్మతల విడివిడి పేర్లే తీసేసి, ఎంత తీవ్రంగా ఉందో చూడమంది: తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని. వైద్యులే పేరు పక్కనపెట్టి కొలత చూస్తుంటే, కథ రాసేదానివి నువ్వు పేరు పట్టుకుని వేలాడతావేమి?

పేరు వల్ల ఇంకో చేటుంది. 'నువ్వు నార్సిసిస్టువి' అని సుజాత మొహం మీదే అంటుంది, రవి తల దించుకుంటాడు. దించుకోడు తల్లీ. ఆ మాట నేర్చుకుని మర్నాడు వాళ్లమ్మ ముందు సుజాతనే అంటాడు. మొదట 'నేనెప్పుడన్నాను అట్లా?' అంటాడు. తర్వాత 'నీకు మతి సరిగ్గా లేదు, మీ ఇంట్లో అందరూ అంతే' అంటాడు. చివరికి 'ఇన్నేళ్లూ నిన్ను భరించింది నేను' అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. కాదనడం, మీదపడటం, తారుమారు చేయడం. జెన్నిఫర్ ఫ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో ఈ మూడు మెట్లనూ కలిపి చెప్పింది. సంభాషణ రాసేవాళ్లకు ఇంతకంటే మంచి నిచ్చెన దొరకదు. మూడు మెట్లెక్కేసరికి సుజాతే 'సారీ' చెప్పాలి, చదివేవాళ్లకు అది ఎట్లా జరిగిందో అంతుబట్టకూడదు.

నీ రవి మొదటి పేజీ నుంచీ అరుస్తూనే ఉన్నాడు. పొద్దస్తమానం అరిచేవాణ్ణి వదల్లేకపోతే డబ్బో పిల్లలో ఊళ్లో మాటో కారణం. మనసు చిక్కుకునే తీరు వేరు. నాలుగు రోజులు మాట్లాడడు. కంచం పెడితే తింటాడు, నీళ్లందిస్తే తాగుతాడు, నోట మాట మాత్రం రాదు. అయిదో రోజు సాయంత్రం మూర మల్లెపూలు తెచ్చి ఫ్రిజ్జు మీద పెడతాడు. ఆ రాత్రి ఆమెకు పెళ్లయిన కొత్త గుర్తొస్తుంది. మళ్లీ ఎప్పుడు తెస్తాడు? మూడో రోజా, ముప్పయ్యో రోజా? ఆ తెలియకపోవడమే ఉచ్చు. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు నువ్వు డిగ్రీలో చదివే ఉంటావు. పొడిచిన ప్రతిసారీ గింజ పడే పావురం, గింజ ఆపేస్తే కాసేపటికి పొడవడం మానుతుంది. ఎప్పుడో ఒకసారి పడే అలవాటున్న పావురం మాత్రం గింజ ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. నీ కథలో అరుపులు సగం కొట్టేసి మల్లెపూలు పెట్టు.

అప్పుడు అలిపిరి దగ్గర ఏడుపు ఏమిటో నీకే తెలుస్తుంది. అదీ అయిదో రోజు పూలే. నువ్వు ముగింపు అనుకున్నచోట ఇంకో చుట్టు మొదలైంది. మారేవాళ్లు ఉండరని నేననను. ఆ రుగ్మతకంటూ ప్రత్యేకమైన మందు లేదు, ఏళ్ల తరబడి నడిచే మాటల చికిత్స ఉంది. తన తప్పు తనకు కనబడినవాడే అందులో నిలబడతాడు. మెట్ల దగ్గర ఒక సాయంత్రం పూట తేలే వ్యవహారం కాదు.

నార్సిసస్ అని గ్రీకు కథ ప్రస్తావించావు, కొలనులో తన నీడనే చూసి మోహపడటం, అదంతా. ఆ కథలో ఎకో అని ఒక వనకన్య కూడా ఉంది, ఆమెను నువ్వూ మరిచిపోయావు. ఎదుటివాళ్ల మాటలో చివరి ముక్క తప్ప సొంత మాట పలకలేని శాపం ఆమెది. 'టిఫినేమిటి ఇంత ఆలస్యం?' అంటే 'ఆలస్యమైంది', 'నీకు తెలీదులే' అంటే 'నాకు తెలీదు'. సుజాత మాటలన్నీ అట్లా రాసి చూడు. ఎకో పుట్టడమే అట్లా పుట్టలేదు. సుజాతా పుట్టలేదు, ఆ సంగతి మాత్రం మరిచిపోకు.

రవి లాంటివాణ్ణి రాయడం తేలిక. రొమ్ము విరుచుకుని తిరిగే రకం ఊరందరికీ కనబడతాడు. మూలన కూర్చుని, 'నా బతుకంతా మీకే ధారపోశాను, నన్నెవరూ అర్థం చేసుకోలేదు' అంటూ ఇంటిల్లిపాదినీ నేరస్థుల్ని చేసే రకం ఇంకోటి ఉంది. అది అమ్మ కావచ్చు, అన్న కావచ్చు. తర్వాతి కథకు పనికొస్తుంది, దాచుకో.

లెక్క ఎట్లా రాయాలో చెబుతాను. సుజాతకైనా, ఎవరికైనా. 200 పేజీల లాంగు నోటుబుక్కు తీసుకో. పేజీకి నాలుగు గళ్లు. తేదీ, సమయం ఒక గడి. అన్న మాట ఒక గడి, ఆ నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు. అక్కడ ఎవరున్నారు అనేది మూడోది. ఆ తర్వాత నేనేం చేశాను అనేది నాలుగోది. 'దారుణంగా అవమానించాడు' అని రాస్తే ఆరు నెలల తర్వాత దానికి అర్థముండదు. 'రాత్రి 9.20. పులుసులో ఉప్పెక్కువైందని గిన్నె సింకులో వంచేశాడు. ఆడబిడ్డ చూస్తోంది. మళ్లీ వండాను.' ఇదీ లెక్క. జరిగిన రోజే రాయాలి. రెండు రోజులాగితే 'నిజంగా అట్లా అన్నాడా, నేనే పెద్దది చేస్తున్నానా' అని చెదలు పడతాయి. 'నీకు గుర్తులేదు, అట్లా జరగలేదు' అని రోజూ వినేవాళ్లకు తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం పోతుంది, దానికి విరుగుడు ఇదే. మంచి రోజులూ రాయాలి. మల్లెపూల తేదీలు రాయకపోతే చుట్టు ఎన్ని రోజులకోసారి తిరుగుతోందో కనబడదు.

ఈ పని ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. ఫోన్లో రాస్తారు, ఆ ఫోను పాస్‌వర్డు ఆయనకు తెలుసు. బీరువాలో చీరల కింద దాస్తారు, ఎవరైనా మొదట వెతికేది అక్కడే. ఉక్రోషం పట్టలేక ఒకనాడు తీసి ఆయనకే చదివి వినిపిస్తారు, మర్నాటికి పుస్తకం ఉండదు. పంచాయితీకొచ్చిన మేనత్తకు చూపిస్తారు, రాత్రికి అందులో ప్రతి మాటా ఆయన నోట్లో ఉంటుంది.

కలిసున్నంతకాలం గులకరాయిలా ఉండమంటారు. ఊ, సరే, చూస్తాను, అంతే. వాదన లేదు, సంజాయిషీ లేదు. మంచి ఉపాయమే. కానీ మొదట్లో ఆయన గొంతు పెరుగుతుంది, గింజ రాని పావురం మొదట ఇంకా గట్టిగా పొడుస్తుంది కదా. అక్కడ భయపడి బదులిచ్చేస్తే ఎంత గట్టిగా అరిస్తే గింజ పడుతుందో నేర్పించినట్టవుతుంది. చెయ్యెత్తే మనిషి దగ్గర మాత్రం ఈ ప్రయోగం వద్దు. అక్కడ ముందు చూడాల్సింది గడప దాటే దారి.

గడప దాటడం రాయాలంటే వానా, సూట్‌కేసూ, రైలుకూతా పెట్టకు. ఒక బ్రౌన్ కవరు పెట్టు. టెన్త్ నుంచి డిగ్రీ దాకా సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, పాప పుట్టిన సర్టిఫికెట్టు, పుట్టింటివాళ్లు పెట్టిన నగల ఫొటోలు. ఆయనకు తెలియని బ్యాంకులో తన పేరు మీద ఖాతా, మెసేజీలు తన నంబరుకే వచ్చేటట్టు. ఒక్కో వారం ఒక్కో కాగితం స్నేహితురాలింట్లో ఉన్న ఆ కవరులోకి చేరుతుంది. ఏ కాగితం కనబడలేదని ఆయన అడుగుతాడో అని చదివేవాళ్లకు గుండె దడదడలాడాలి.

గృహహింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొడితేనే హింస అని అందులో లేదు. మాటలతో, మనసుతో వేధించడం, డబ్బు అందకుండా చేయడం కూడా మూడో సెక్షన్లో ఉన్నాయి. ఏడో పేజీలో చీటీ ఉందే, అదొక్కటే కేసు కాదు. అట్లాంటివి నోటుబుక్కులో తేదీలతో ఉంటే వినే అధికారికి చాలా తెలుస్తుంది. మహిళల హెల్ప్‌లైను 181, ప్రాణం మీదికొస్తే 112, ఆడవాళ్లకు సంపాదనతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును పెట్టే న్యాయసేవల సంస్థ 15100. ఇవి కథలో రాయకు, బస్టాండు గోడ మీది ప్రకటనలా ఉంటుంది. విడిగా రాసిపెట్టుకో.

బయటికొచ్చాక కథ అయిపోయిందనుకుంటారు. నన్నడిగితే అక్కడే మొదలుపెట్టాలి. పాకాలలో అక్క ఇంట్లో సుజాత కూర చేస్తూ 'ఉప్పు సరిపోయిందా' అని మూడుసార్లు అడుగుతుంది. గాంధీ రోడ్డులో జాకెట్టు గుడ్డ కొనబోతుంది. షాపతను అయిదు రంగులు పరుస్తాడు, ఆమెకు చెమటలు పోస్తాయి. ఆయనకేది నచ్చుతుందో కనిపెట్టి కనిపెట్టి తనకేది ఇష్టమో మరిచిపోయింది. అది తిరిగి రావాలంటే రోజుకొక చిన్న సంగతి ఎవర్నీ అడక్కుండా తేల్చుకోవాలి. ఈరోజు ఏ కూర, ఏ బస్సు, ఏ రంగు. రాత్రి పదకొండింటికి ఆయన స్టేటస్ చూడాలని వేలు లాగుతుంది. అందుకు బ్లాకు చేయడమే మార్గం. పిల్ల ఉంటే మెసేజీలొక్కటే, పిల్ల గురించే, రెండు వాక్యాలు: 'శనివారం 4 గంటలకు తీసుకెళ్లండి. 7కు దింపండి.' మిగతా పేరాలకు జవాబుండదు. ఆయన గుర్తొస్తాడు, పైగా మంచివాడిగానే గుర్తొస్తాడు. అప్పుడు తీసి చదవడానికే ఆ నోటుబుక్కు.

నిద్ర పట్టక, తిండి సయించక, గేటు చప్పుడుకు ఉలిక్కిపడటం వారాల తరబడి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపువాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ల బాగాయం కేంద్రం దగ్గర. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ 14416కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. మొగుడూ పెళ్లాలను పక్కపక్కన కూర్చోబెట్టే కౌన్సెలింగుకు మాత్రం ముందే తొందరపడొద్దు. అక్కడ మనసు విప్పి చెప్పింది ఇంటికెళ్లాక కత్తి అవుతుంది. మొదట ఒంటరిగా వెళ్లాలి.

కలంపేరు గురించి అడిగావు. తర్వాత చూద్దాం.

ఏడో పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను, మిగతావి తిప్పి పంపుతున్నాను. నోటుబుక్కు పెట్టుకోవడానికి చోటు లేదనుకుంటే దారంతో కట్టి, కవరులో పెట్టి ఈ అడ్రసుకే పంపు. విప్పి చూడను. బియ్యం డబ్బా వెనక పెడతాను, కావాల్సినప్పుడు వచ్చి తీసుకో.

పెద్దమ్మ